ఖతార్ రాజకీయ జీవితంలో సత్యం, భాష, వంచన

ఖతార్ ప్రభుత్వం, దాని మిత్రులు, ప్రత్యర్థులు, ప్రసార సంస్థలు ప్రజా వ్యవహారాల్లో మాటను ఎలా వాడారు, ఆ మాటల నిజానిజాలను ఎవరు ఏ విధంగా తేల్చారు అన్నది ఈ వ్యాస విషయం. 2017 మే 24న ఖతార్ వార్తా సంస్థ వెబ్‌సైట్ హ్యాకింగ్‌కు గురై, దేశాధినేత అనని మాటలు ఆయన పేరిట వెలువడిన ఉదంతం ఇందులో ప్రధానమైనది. ఆ తర్వాత పన్నెండు రోజులకు సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యూఏఈ), బహ్రెయిన్, ఈజిప్ట్ ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఆ ప్రతిష్టంభన 2021 జనవరి 5 దాకా సాగింది. వలస కార్మికుల మరణాల లెక్కలు, కఫాలా రద్దు ప్రకటనలు, తాలిబాన్ కార్యాలయం నామఫలకం, అసత్య వార్తలపై చట్టాలు దీనికి అనుబంధ అంశాలు.

నిర్వచనం, పరిధి

వినేవారిలో తప్పుడు నమ్మకం కలిగించే ఉద్దేశంతో పాలకులో, ప్రత్యర్థులో చేసే ప్రకటననూ, చర్యనూ, పాటించే మౌనాన్నీ రాజకీయ వంచన అంటారు. పచ్చి అబద్ధం అందులో ఒక రకం. నిజమైన అంకెను సందర్భం మార్చి వాడటం, పాత ఏర్పాటుకు కొత్త పేరు పెట్టడం, మరొకరి పేరుతో మాట్లాడటం, వెల్లడించవలసినదాన్ని దాచడం కూడా ఈ పరిధిలోకి వస్తాయి. తెలియక పంచిన తప్పుడు సమాచారానికీ, తెలిసి వదిలిన దానికీ భేదం ఉద్దేశంలో ఉంటుంది. ఫలితం రెండింటికీ ఒకటే కావచ్చు.

ద్రోణుడి చేత అస్త్రసన్యాసం చేయించిన ధర్మరాజు మాట భారతీయ సంప్రదాయంలో అర్ధసత్యానికి ప్రసిద్ధ ఉదాహరణ. ఆధునిక చింతనలో జార్జ్ ఆర్వెల్ 1946లో రాసిన వ్యాసం రాజకీయ భాష హింసను మెత్తటి పదాలతో ఎలా కప్పుతుందో పరిశీలించింది. హన్నా ఆరెంట్ 1967లో రాసిన ‘సత్యం, రాజకీయాలు’ అనే వ్యాసం వాస్తవ సత్యం సాక్షుల మీద, రికార్డుల మీద ఆధారపడుతుంది కనుక అధికారం దాన్ని తేలికగా చెరపగలదని వాదించింది. ఖతార్ ఉదంతానికి ఈ రెండో పరిశీలన దగ్గరగా ఉంటుంది. అక్కడ వివాదం ఒక అభిప్రాయం గురించి కాదు. ఒక వ్యక్తి ఒక రోజున మాట్లాడాడా లేదా అన్న వాస్తవం గురించి.

చారిత్రక నేపథ్యం

ఖతార్ 1971లో బ్రిటన్ రక్షణ నుంచి బయటపడి స్వతంత్రమైంది. ప్రభుత్వ ప్రకటనలకు అధికారిక వాహికగా ఖతార్ వార్తా సంస్థ 1975లో ఏర్పడింది. 1995లో తండ్రిని తొలగించి అధికారానికి వచ్చిన షేక్ హమద్ బిన్ ఖలీఫా అల్ థానీ హయాంలో, 1996 నవంబర్ 1న దోహా నుంచి అల్ జజీరా అరబిక్ ప్రసారాలు మొదలయ్యాయి. పొరుగు పాలకుల మీద విమర్శలను, వారి ప్రత్యర్థుల అభిప్రాయాలను ఆ చానల్ నేరుగా ప్రసారం చేసింది. ఖతార్ అంతర్గత వ్యవహారాల విషయంలో మాత్రం ఆ చొరవ కనిపించదన్న విమర్శను మొదటినుంచీ ఎదుర్కొంది. పొరుగు దేశాలు దీన్ని ఖతార్ విదేశాంగ విధానానికి సాధనంగా చూశాయి. ఖతార్ ప్రభుత్వం సంపాదకీయ స్వేచ్ఛ అని సమర్థించింది.

2011 అరబ్ ఉద్యమాల తర్వాత ఈజిప్టులో ముస్లిం బ్రదర్‌హుడ్‌కు ఖతార్ ఇచ్చిన మద్దతు విభేదాలను పెంచింది. ఆ విభేదాలను తగ్గించడానికి 2013 నవంబరులో రియాద్ ఒప్పందం కుదిరింది. అది అమలు కావడం లేదంటూ 2014 మార్చిలో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్ తమ రాయబారులను దోహా నుంచి వెనక్కి పిలిచి, అదే ఏడాది నవంబరులో తిరిగి పంపాయి. షేక్ తమీమ్ బిన్ హమద్ అల్ థానీ అప్పటికే, 2013 జూన్ నుంచి, అమీర్‌గా ఉన్నారు. అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2017 మే 20, 21 తేదీల్లో రియాద్‌లో అరబ్బు, ముస్లిం దేశాధినేతలను కలుసుకున్నారు. హ్యాకింగ్ ఆ సమావేశాలు ముగిసిన మూడో రోజున జరిగింది.

2017 మే నెల ఉదంతం

అసలు కార్యక్రమం. మే 23న అమీర్ తమీమ్ జాతీయ సైనిక సేవలో శిక్షణ పూర్తి చేసుకున్న యువకుల పట్టాల ప్రదానోత్సవానికి హాజరయ్యారు. ఆ వేడుకలో ఆయన ప్రసంగించలేదని ఖతార్ ప్రభుత్వం తెలిపింది.

బూటకపు వార్త. అదే రాత్రి పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు, అంటే మే 24న, ఆ వేడుకలో అమీర్ చేసినట్టుగా ఒక ప్రసంగ పాఠం వార్తా సంస్థ వెబ్‌సైట్‌లో కనిపించింది. ఇరాన్ ఈ ప్రాంతంలో విస్మరించలేని ఇస్లామిక్ శక్తి అనీ, దానితో వైరం వివేకం కాదనీ, హమాస్ పాలస్తీనా ప్రజల చట్టబద్ధ ప్రతినిధి అనీ, ఇజ్రాయెల్‌తో తమ సంబంధాలు బాగున్నాయనీ, ట్రంప్ ఎక్కువ కాలం పదవిలో ఉండకపోవచ్చనీ అందులో ఉంది. వెంటనే సంస్థ ట్విటర్ ఖాతాలో విదేశాంగ మంత్రి షేక్ మహమ్మద్ బిన్ అబ్దుల్‌రహ్మాన్ అల్ థానీ పేరిట మరో ప్రకటన వచ్చింది. పలు అరబ్బు దేశాల నుంచి ఖతార్ తన రాయబారులను వెనక్కి పిలుస్తోందన్నది దాని సారాంశం. వేడుక దృశ్యాల కింద అమీర్ మాటలు అక్షరాల వరుసగా నడుస్తున్నట్టు కనిపించే వీడియో కూడా ప్రచారంలోకి వచ్చింది.

ఖండన, దాని గతి. ప్రభుత్వ సమాచార కార్యాలయం ఆ రాత్రే స్పందించి, సంస్థ వెబ్‌సైట్‌ను గుర్తు తెలియని వ్యక్తులు హ్యాక్ చేశారని, ఆ మాటలకు ఆధారం లేదని ప్రకటించింది. వెబ్‌సైట్‌ను నిలిపివేశారు. అప్పటికే సౌదీ యాజమాన్యంలోని అల్ అరబియా, అబుధాబి కేంద్రంగా నడిచే స్కై న్యూస్ అరేబియా ఆ మాటలను తాజా వార్తగా ప్రసారం చేస్తూ విశ్లేషకులతో చర్చలు మొదలుపెట్టాయి. ఖండన వెలువడ్డాక కూడా ఆ చర్చలు ఆగలేదు. మే 24నే సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టుల్లో అల్ జజీరాతో పాటు ఖతార్ వార్తా వెబ్‌సైట్లను అడ్డుకున్నారు. ఖండనను అక్కడి పాఠకులకు చేరవేయగల దారులు దీంతో మూసుకుపోయాయి.

దర్యాప్తు. ఖతార్ హోం మంత్రిత్వ శాఖ అమెరికాకు చెందిన ఎఫ్‌బీఐ, బ్రిటన్‌కు చెందిన జాతీయ నేర పరిశోధన సంస్థల సహాయం తీసుకుంది. హ్యాకింగ్ జరిగిన మాట నిజమేనని జూన్ మొదటి వారంలో ప్రాథమిక ఫలితాలు ప్రకటించింది. రష్యన్ హ్యాకర్ల పాత్ర ఉండవచ్చని అమెరికా అధికారులు భావిస్తున్నట్టు సీఎన్ఎన్ జూన్ 6న తెలపగా, రష్యా తోసిపుచ్చింది. హ్యాకింగ్ వెనుక యూఏఈ ఉందని అమెరికా నిఘా వర్గాలు అంచనాకు వచ్చినట్టు జూలై 16న వాషింగ్టన్ పోస్ట్ రాసింది. యూఏఈ రాయబారి యూసుఫ్ అల్ ఒతైబా, విదేశాంగ వ్యవహారాల సహాయ మంత్రి అన్వర్ గర్గాష్ ఆ వార్తను ఖండించారు. జూలై 20న దోహాలో జరిగిన విలేకరుల సమావేశంలో హోం శాఖ అధికారులు, చొరబాటుకు సన్నాహాలు ఏప్రిల్ నెలలోనే మొదలయ్యాయని వివరించారు. బాధ్యులెవరన్నది ఏ అంతర్జాతీయ న్యాయస్థానమూ తేల్చలేదు.

పర్యవసానం

జూన్ 5న నాలుగు దేశాలు దౌత్య సంబంధాలు తెంచుకున్నాయి. సౌదీ తన సరిహద్దును మూసింది. ఖతార్‌కు ఉన్న భూసరిహద్దు అదొక్కటే. గగనతలం, ఓడరేవులు కూడా మూతపడ్డాయి. సౌదీ, యూఏఈ, బహ్రెయిన్ తమ గడ్డ మీది ఖతార్ పౌరులకు వెళ్లిపోవడానికి రెండు వారాల గడువిచ్చాయి. ఆ రోజు దోహాలో జనం సూపర్ మార్కెట్లకు పరుగెత్తడంతో అరలు ఖాళీ అయ్యాయి. తుర్కియే, ఇరాన్‌ల నుంచి ఆహార పదార్థాలు విమానాల్లో వచ్చాయి. జూలైలో పాడి ఆవులను సైతం విమానాల్లో దింపుకున్నారు.

కువైట్ మధ్యవర్తిత్వం ద్వారా జూన్ 22న పదమూడు కోర్కెల పత్రం ఖతార్‌కు అందింది. అల్ జజీరాను మూసివేయడం, తుర్కియే సైనిక స్థావరాన్ని తొలగించడం, ఇరాన్‌తో సంబంధాలు తగ్గించుకోవడం వాటిలో ముఖ్యమైనవి. గడువు పది రోజులు. ఖతార్ తిరస్కరించింది. నాలుగు దేశాల వాదన ప్రకారం వివాదం మే 24 ప్రసంగంతో పుట్టలేదు. ఉగ్రవాద సంస్థలకు మద్దతు, 2013 రియాద్ ఒప్పంద ఉల్లంఘన అసలు కారణాలని అవి చెప్పాయి. ఉగ్రవాద ఆరోపణను ఖతార్ నిరాకరించింది. ఆ ప్రసంగం చర్యకు కారణమా, అప్పటికే ఉన్న నిర్ణయానికి సాకా అన్నది పరిశీలకుల మధ్య తేలని ప్రశ్న.

చర్యను ఏమని పిలవాలన్నది కూడా వివాదాంశమే. ఖతార్ దాన్ని అరబిక్‌లో ‘హిసార్’ (దిగ్బంధం) అంది. నాలుగు దేశాలు ‘ముకాతఆ’ (బహిష్కరణ) అన్నాయి. దిగ్బంధం అంతర్జాతీయ చట్టంలో యుద్ధ చర్యతో ముడిపడిన పదం. బహిష్కరణ ఒక దేశం తన సార్వభౌమాధికారంతో తీసుకునే నిర్ణయం. కాబట్టి పదాన్ని ఎంచుకోవడంతోనే చట్టపరమైన వాదన సగం జరిగిపోయింది. వార్తా సంస్థలు ఏ పదం వాడితే ఆ పక్షం వహించినట్టు లెక్కకు వచ్చింది.

2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో జరిగిన గల్ఫ్ సహకార మండలి 41వ శిఖరాగ్ర సమావేశంలో ప్రకటన మీద సంతకాలు జరిగి సంబంధాలు పునరుద్ధరణ బాట పట్టాయి. అల్ జజీరా, తుర్కియే స్థావరం రెండూ కొనసాగాయి.

వంచన రూపాలు

పరకాయ ప్రకటన. అధికారిక వాహికలోకి చొరబడి అధినేత పేరుతో మాట్లాడటం. 2017 మే ఉదంతం దీనికి ఉదాహరణ.

కృత్రిమ ప్రజాభిప్రాయం. స్వయంచాలిత ట్విటర్ ఖాతాల ద్వారా ఖతార్ వ్యతిరేక నినాదాలను ముందువరుసకు తెచ్చిన తీరును దోహాలో బోధించే పరిశోధకుడు మార్క్ ఓవెన్ జోన్స్ విశ్లేషించారు. ఖతార్, యెమెన్‌లు లక్ష్యంగా యూఏఈ నుంచి నడిచిన 4,200కు పైగా ఖాతాలను తొలగించినట్టు ట్విటర్ 2019 సెప్టెంబరులో ప్రకటించింది. సౌదీ రాజాస్థాన సలహాదారుగా పనిచేసిన సౌద్ అల్ ఖహ్తానీ ఖాతాను అప్పుడే శాశ్వతంగా నిలిపివేసింది. ఆయన 2017 ఆగస్టులో ఖతార్ సానుభూతిపరుల పేర్లను ట్విటర్‌లో తెలియజేయాలని ప్రజలను కోరారు. ఈజిప్ట్, యూఏఈ సంస్థలకు చెందిన ఖాతాలను ఫేస్‌బుక్ 2019 ఆగస్టులో తొలగించింది.

పుకారు. 2020 మే 4న ఖతార్‌లోని అల్ వక్రాలో కాల్పుల శబ్దాలు వినిపిస్తున్నాయని, సైనిక తిరుగుబాటు జరుగుతోందని ట్విటర్‌లో ప్రచారం సాగింది. సంబంధం లేని దృశ్యాలను అందుకు సాక్ష్యంగా పంచారు. తిరుగుబాటేదీ జరగలేదు. 2022 నవంబరు 20 నాటి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ప్రారంభ మ్యాచ్‌కు ముందు, ఓడిపోవడానికి ఈక్వడార్ ఆటగాళ్లకు ఖతార్ లంచం ఇచ్చిందన్న పుకారు చుట్టుముట్టింది. ఈక్వడార్ 2–0తో గెలిచింది.

దొంగిలించిన నిజం. అసలైన పత్రాలను అక్రమంగా సంపాదించి, అవసరమైనప్పుడు విడుదల చేయడం. 2017 జూన్ మొదట్లో ఒతైబా ఈమెయిళ్లు పత్రికలకు చేరాయి. తన ఈమెయిళ్లను ఖతార్ దొంగిలింపజేసిందని అమెరికా వ్యాపారి ఇలియట్ బ్రాయిడీ 2018లో దావా వేశారు. ఖతార్ నిరాకరించింది. విచారణ పరిధి లేదంటూ ఖతార్ మీది దావాను కోర్టు కొట్టివేసింది. ఈ రకంలో సమాచారం నిజం కావచ్చు. మరుగున ఉండేది దాన్ని అందించిన చేయి.

కొనుగోలు చేసిన గొంతు. ఇరుపక్షాలూ వాషింగ్టన్‌లో ప్రచార సంస్థలను నియమించుకున్నాయి. కేంబ్రిడ్జ్ అనలిటికాకు అనుబంధమైన ఎస్‌సీఎల్ సంస్థ యూఏఈ తరఫున ఖతార్ వ్యతిరేక సోషల్ మీడియా ప్రచారం చేసిన సంగతి అమెరికా ప్రభుత్వానికి సమర్పించిన పత్రాల్లో వెల్లడైంది. 2022 డిసెంబరులో యూరోపియన్ పార్లమెంటు సభ్యుల మీద బెల్జియం పోలీసులు తెరిచిన అవినీతి కేసులో ఖతార్ పేరు వచ్చింది. ఖతార్ ఆ ఆరోపణను తోసిపుచ్చింది.

పనిచేసే తీరు

మే 24 నాటి బూటకపు ప్రసంగం ఎందుకు చెల్లుబాటైందో వివరించడానికి పరిశీలకులు కొన్ని అంశాలను ప్రస్తావిస్తారు. మొదటిది, సంభావ్యత. ఇరాన్‌తో ఖతార్ సహజవాయు క్షేత్రాన్ని పంచుకుంటుంది. హమాస్ నాయకులు దోహాలో నివసించేవారు. ప్రసంగంలోని మాటలు ఖతార్ విధానానికి బొత్తిగా విరుద్ధమైనవి కావు. ఆ విధానాన్ని దౌత్య మర్యాద తీసేసి చెప్పినట్టు ఉన్నాయి. రెండోది, వాహిక. ప్రభుత్వ వార్తా సంస్థ చెప్పిందంటే ప్రభుత్వం చెప్పినట్టేనన్న అలవాటు. మూడోది, వేళ. అర్ధరాత్రి వెలువడిన వార్తను సరిచూడటానికి అధికారులు అందుబాటులో ఉండరు. నాలుగోది, పునరావృతి. ఖండన ఒకసారి వస్తే, అసలు వార్త చర్చల రూపంలో గంటల తరబడి నడిచింది.

అయిదోది, సందేహానికి శిక్ష. ఖతార్‌కు సానుభూతి చూపే రాతలకు మూడు నుంచి పదిహేనేళ్ల దాకా జైలు, కనీసం 5 లక్షల దిర్హాముల జరిమానా ఉంటాయని యూఏఈ అటార్నీ జనరల్ 2017 జూన్ 7న హెచ్చరించారు. బహ్రెయిన్ అయిదేళ్ల దాకా జైలని ప్రకటించింది. వార్త అబద్ధమేమో అన్న మాట కూడా ఈ పరిస్థితిలో నేరంగా మారే వీలుంది.

అంకెల వివాదం: కార్మికుల మరణాలు

2010 డిసెంబరులో ఖతార్‌కు ప్రపంచ కప్ ఆతిథ్యం దక్కింది. అప్పటినుంచి పదేళ్లలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందిన 6,500 మందికి పైగా వలస కార్మికులు ఖతార్‌లో మరణించారని 2021 ఫిబ్రవరి 23న గార్డియన్ పత్రిక రాసింది. ఇందులో భారతీయులు 2,711 మంది. ఇది అన్ని వృత్తుల వారి, అన్ని కారణాల మరణాల మొత్తం. ప్రచారంలో ఇది క్రమంగా ‘స్టేడియాలు కడుతూ చనిపోయిన 6,500 మంది’గా మారింది. పత్రిక చెప్పినది అది కాదు.

ఖతార్ నిర్వాహక కమిటీ లెక్క మరో కొసన ఉంది. స్టేడియం పనుల్లో వృత్తిపరమైన మరణాలు 3, ఇతర కారణాల మరణాలు 37 అని అది చెప్పింది. ఈ లెక్కలోకి స్టేడియాల ఆవరణలు మాత్రమే వస్తాయి. రోడ్లు, మెట్రో, హోటళ్ల నిర్మాణం రాదు. కమిటీ కార్యదర్శి హసన్ అల్ థవాదీ 2022 నవంబరులో ఒక టీవీ ఇంటర్వ్యూలో టోర్నీకి సంబంధించిన పనుల్లో 400 నుంచి 500 మంది మరణించారని అంచనా చెప్పారు. అది 2014–2020 మధ్య దేశమంతటా అన్ని రంగాల్లో నమోదైన 414 వృత్తిపరమైన మరణాలకు సంబంధించినదని కమిటీ ఆ తర్వాత వివరణ ఇచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021 నవంబరు నివేదిక ప్రకారం 2020 ఒక్క ఏడాదిలో వృత్తిపరమైన మరణాలు 50.

ఈ అంకెలు ఒకదాన్నొకటి కొట్టివేసేవి కావు. వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. చిక్కు మరణ ధ్రువీకరణ పత్రంలో ఉంది. శవపరీక్ష లేకుండానే పలు మరణాలను ‘సహజ కారణాలు’, ‘గుండె ఆగిపోవడం’ అని నమోదు చేయడంతో, ఎండ వేడికీ పనికీ ఆ మరణాలతో ఉన్న సంబంధాన్ని తేల్చడం కష్టమైంది. ‘సహజ మరణం’ అని రాసిన చోట కుటుంబానికి వృత్తిపరమైన ప్రమాద పరిహారం అందే అవకాశం తగ్గుతుంది.

పేరు మార్పు: కఫాలా

వలస కార్మికుడి నివాసం, ఉద్యోగం రెండూ యజమాని (కఫీల్) చేతిలో ఉండే విధానం కఫాలా. 2015 నాటి 21వ నంబరు చట్టం 2016 డిసెంబరు 13న అమల్లోకి వచ్చినప్పుడు కఫాలా రద్దయిందని ఖతార్ ప్రకటించింది. చట్టంలో ‘పూచీదారు’ స్థానంలో కొత్త పదం వచ్చినా, దేశం విడిచి వెళ్లడానికీ కాంట్రాక్టు ముగియకముందు ఉద్యోగం మారడానికీ యజమాని ప్రమేయం మిగిలే ఉందని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ విమర్శించింది. 2018 నాటి 13వ నంబరు చట్టం చాలామంది కార్మికులకు నిష్క్రమణ అనుమతి అవసరాన్ని తొలగించింది. ఉద్యోగం మారడానికి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) నిబంధనను 2020 ఆగస్టు చట్టాలు తీసివేశాయి. 1,000 రియాళ్ల కనీస వేతనం 2021 మార్చి 20 నుంచి అమలైంది. 2016 ప్రకటనలోని మాటకు దగ్గరైన మార్పు చట్టంలోకి రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆచరణలో లోపాలు ఆ తర్వాతా ఉన్నాయని కార్మిక హక్కుల సంస్థలు పేర్కొన్నాయి.

దౌత్యభాష: తాలిబాన్ నామఫలకం, దోహా ఒప్పందం

మధ్యవర్తిత్వంలో భాష ఉద్దేశపూర్వకంగానే అస్పష్టంగా ఉంటుంది. 2013 జూన్ 18న దోహాలో తాలిబాన్ రాజకీయ కార్యాలయం తెరిచినప్పుడు గోడ మీది ఫలకంలో ‘ఇస్లామిక్ ఎమిరేట్ ఆఫ్ అఫ్గానిస్తాన్’ అన్న పేరు ఉంది. ఆవరణలో తాలిబాన్ జెండా ఎగిరింది. ఇది ప్రవాస ప్రభుత్వానికి రాయబార కార్యాలయంలా ఉందంటూ అఫ్గాన్ అధ్యక్షుడు హమీద్ కర్జాయ్ అమెరికాతో భద్రతా చర్చలను మరునాడే నిలిపివేశారు. ఫలకాన్ని తొలగించారు. జెండాను వీధిలోకి కనిపించకుండా చేశారు. తాలిబాన్ నిరసనగా కొంతకాలం కార్యాలయాన్ని మూసుకుంది.

2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబాన్ సంతకాలు చేసిన ఒప్పందం ఇదే చిక్కును మరో విధంగా దాటింది. ‘ఇస్లామిక్ ఎమిరేట్’ అన్న పేరును తాలిబాన్ కోరిక మేరకు ఉంచుతూనే, అమెరికా దాన్ని రాజ్యంగా గుర్తించడం లేదన్న వివరణను ఆ పేరు వచ్చిన ప్రతిచోటా పదేపదే జోడించారు. ఇలాంటి ఏర్పాటును దౌత్యవేత్తలు ప్రయోజనకరమైన అస్పష్టతగా వర్ణిస్తారు. ఇరుపక్షాలకూ అస్పష్టత సంగతి ముందే తెలుసు కనుక దీన్ని వంచనగా లెక్కించరు.

చట్టపరమైన చట్రం

ఖతార్ రాజ్యాంగాన్ని 2003 ఏప్రిల్‌లో ప్రజాభిప్రాయ సేకరణ ఆమోదించింది. దాని 47వ అధికరణం అభిప్రాయ స్వేచ్ఛకు, 48వ అధికరణం పత్రికా స్వేచ్ఛకు చట్టానికి లోబడి హామీ ఇస్తాయి. 1979 నాటి పత్రికల చట్టం అమీర్‌ను విమర్శించడాన్ని నిషేధిస్తుంది. ‘ఇబ్న్ అల్ ధీబ్’గా పేరొందిన కవి మహమ్మద్ అల్ అజమీకి కవిత్వం కారణంగా 2012 నవంబరులో యావజ్జీవ శిక్ష పడింది. అది 2013లో పదిహేనేళ్లకు తగ్గింది. 2016 మార్చిలో క్షమాభిక్షతో ఆయన విడుదలయ్యారు.

2014 నాటి 14వ నంబరు సైబర్ నేరాల చట్టం దేశ భద్రతకు భంగం కలిగించే అసత్య వార్తలను వ్యాపింపజేసే వెబ్‌సైట్ నిర్వాహకులకు మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రియాళ్ల దాకా జరిమానా విధిస్తుంది. 2020 జనవరిలో శిక్షాస్మృతికి చేర్చిన 136 (ద్వితీయ) అధికరణం దురుద్దేశంతో పుకార్లు, అసత్య వార్తలు ప్రచారం చేస్తే అయిదేళ్ల దాకా జైలు, లక్ష రియాళ్ల దాకా జరిమానా నిర్దేశిస్తుంది. హ్యాకింగ్ అనుభవం దృష్ట్యా ఇలాంటి రక్షణ అవసరమన్నది ఒక వాదన. అసత్యం ఏదో నిర్ణయించే అధికారం ప్రభుత్వానికే ఉంటే విమర్శ కూడా ఆ కోవలోకి చేరుతుందన్నది ప్రతివాదన. కార్మికుల జీవితం గురించి రాస్తున్న ఒక కెన్యా సెక్యూరిటీ గార్డును 2021 మేలో అరెస్టు చేసి, తర్వాత అసత్య వార్తల ప్రచురణ కింద జరిమానా విధించిన ఘటనను ప్రతివాదులు ఉదాహరిస్తారు.

భారతీయులు, తెలుగువారు

2017 సంక్షోభం నాటికి ఖతార్‌లో ఆరు లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు. వారు పౌరుల సంఖ్యను మించిన సముదాయం. తెలంగాణలోని ఉమ్మడి నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి, ఆంధ్రప్రదేశ్‌లోని కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారు వీరిలో ఉన్నారు. ఇది గల్ఫ్ దేశాల అంతర్గత విషయమని, అక్కడ చిక్కుకున్న భారతీయుల గురించే తమ ఆలోచన అని నాటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ 2017 జూన్‌లో అన్నారు.

ఈ కార్మికులకు వంచన తొలుత ఎదురయ్యేది సొంత ఊరిలో. ‘ఆజాద్ వీసా’ అంటే ఎక్కడైనా పనిచేసుకునే స్వేచ్ఛ అని ఏజెంట్లు నమ్మిస్తారు. అలాంటి వీసా చట్టంలో లేదు. వీసాలో ఉన్న యజమాని దగ్గర కాక మరొకచోట పనిచేస్తే కార్మికుడు నిబంధన ఉల్లంఘించినవాడవుతాడు. పత్రాలు లేకుండా మిగిలిపోయినవారిని గల్ఫ్ తెలుగువారి వాడుకలో ‘ఖల్లివెల్లి’ అంటారు. ఊరిలో ఒక జీతం చెప్పి, దోహాలో దిగాక అరబిక్‌లో ఉన్న మరో కాంట్రాక్టు మీద సంతకం చేయించుకోవడం మరో పద్ధతి. చదవలేని పత్రం మీద సంతకం పెట్టిన కార్మికుడు తనకు చెప్పిన మాటను ఆ తర్వాత రుజువు చేయలేడు. దీన్ని అరికట్టడానికి ఖతార్ ప్రభుత్వం హైదరాబాద్‌తో సహా భారతీయ నగరాల్లో వీసా కేంద్రాలు తెరిచింది. ప్రయాణానికి ముందే కాంట్రాక్టును కార్మికుడికి చూపి సంతకం తీసుకోవడం వాటి విధుల్లో ఒకటి.

మౌనానికి సంబంధించిన ఉదాహరణ కూడా భారతీయులదే. దోహాలో పనిచేస్తున్న ఎనిమిది మంది భారత నౌకాదళ మాజీ సిబ్బందిని 2022 ఆగస్టులో నిర్బంధించారు. వారిలో ఒకరు విశాఖపట్నానికి చెందినవారు. 2023 అక్టోబరు 26న వారికి మరణశిక్ష పడింది. డిసెంబరు 28న దాన్ని తగ్గించారు. 2024 ఫిబ్రవరి 12న వారి విడుదలను భారత్ ప్రకటించింది. ఆరోపణలు ఏమిటో రెండు ప్రభుత్వాలూ అధికారికంగా వెల్లడించలేదు. ఆ ఖాళీని ఊహాగానాలు నింపాయి. వివరాలు బయటపెట్టకపోవడం చర్చలకు తోడ్పడిందన్న అభిప్రాయమూ ఉంది.

ప్రాముఖ్యం

2017 ఉదంతాన్ని సైబర్ దాడి, బూటకపు వార్త, అంతర్జాతీయ సంక్షోభం వరుసగా కలిసివచ్చిన తొలి సందర్భాల్లో ఒకటిగా పరిశోధకులు అధ్యయనం చేస్తున్నారు. అబద్ధాన్ని బయటపెడితే దాని ప్రభావం పోతుందన్న భావన ఇక్కడ నిలవలేదు. ఖండన వచ్చింది, విదేశీ దర్యాప్తు సంస్థలు సహకరించాయి, హ్యాకింగ్ జరిగినట్టు తేలింది. అయినా సరిహద్దు మూడున్నరేళ్లు మూతపడే ఉంది. చివరికి దాన్ని తెరిచింది రాజకీయ రాజీ. ప్రసంగం నిజమా కాదా అన్న ప్రశ్నకు ఆ రాజీలో పాత్ర లేదు.

అదే సమయంలో, ఈ ఉదంతంలో బాధితురాలిగా నిలిచిన ప్రభుత్వం తన సొంత గణాంకాలు, చట్టాలు, సంస్కరణ ప్రకటనల విషయంలో ప్రశ్నలు ఎదుర్కొంది. ఈ రెండు రకాల వివాదాల్లోనూ నిర్ణాయకంగా మారినది స్వతంత్రంగా సరిచూడగల రికార్డు. వేడుకకు హాజరైన ప్రేక్షకుల సాక్ష్యం, శవపరీక్ష నివేదిక, కార్మికుడు చదవగల భాషలో ఉన్న కాంట్రాక్టు అలాంటి రికార్డులే. అవి ఉన్నచోట వివాదం అర్థాల మీదికి మళ్లింది. లేనిచోట వాస్తవం దగ్గరే ఆగిపోయింది.